అమ్మ ఫోన్ పెట్టేశాక వాడు అన్నం ముట్టడు

పిల్లల మనసు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదింటిని ఎంచుకున్నాను. రాసినవారి పేర్లు, ఆనవాళ్లు తీసివేసి, ప్రశ్నలను కుదించి ఇస్తున్నాను. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ‘మొండితనం’ అన్న మాట కనిపించింది. పిల్లవాడు చేసే పనికి ఆ పేరు పెట్టగానే మనం కారణం వెతకడం మానేస్తాం. అందుకే ఆ మాటను పక్కన పెట్టి, ఆ ప్రవర్తన ఎప్పుడు మొదలైంది, దానికి ముందు బిడ్డ జీవితంలో ఏం మారింది, ఇంట్లోనూ బడిలోనూ ఒకేలా ఉందా, తిండి, నిద్ర, చదువు, ఆటలలో దేనికి అడ్డుపడుతోంది అన్న విషయాలను పట్టుకుని జవాబులు రాశాను.

ప్రశ్న: నా కూతురు ఏడాదిన్నర క్రితం కువైట్‌కు ఇంటిపనికి పోయింది. అల్లుడు లారీ డ్రైవరు, నెలకు ఒకటి రెండుసార్లు వస్తాడు. తొమ్మిదేళ్ల మనవడిని నేనే చూసుకుంటున్నాను. నాలుగో తరగతి చదువుతున్నాడు. ఆరు నెలలుగా నా నడుము తిత్తిలో నుంచి పదీ ఇరవై తీసుకుంటున్నాడు. మొన్న 200 రూపాయలు తీశాడు. అడిగితే ఒట్టు వేసి మరీ తీయలేదంటాడు. ఆ డబ్బుతో చాక్లెట్లు కొని బడిలో పిల్లలకు పంచుతున్నాడట. ఎవరైనా ‘మీ అమ్మ నిన్ను వదిలేసి పోయింది’ అంటే మీద పడి కొడుతున్నాడు. వాళ్ల అమ్మ ఫోన్ చేసిన రాత్రి అన్నం ముట్టడు. మా అబ్బాయి బెల్టుతో కొట్టినా మార్పు లేదు. హాస్టల్లో వేస్తే దారికొస్తాడని అందరూ అంటున్నారు. వేయమంటారా?
– ఒక అవ్వ, రాయచోటి ప్రాంతం

జవాబు: అమ్మా, హాస్టల్ సంగతి ముందే చెబుతాను: ఇప్పుడు వేయవద్దు. తల్లి దూరమైన ఏడాదిన్నరకే మిమ్మల్ని కూడా దూరం చేస్తే, తాను చెడ్డవాడు కాబట్టే ఒకరి తరువాత ఒకరు తనను వదిలించుకుంటున్నారని వాడు మనసులో తీర్మానించుకుంటాడు. ఆ తీర్మానాన్ని తరువాత ఎవరూ సులువుగా చెరపలేరు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తీసిన డబ్బుతో వాడు చాక్లెట్లు కొన్నాడు, కొని పంచాడు. తిండి మీద యావతోనో ఆటవస్తువుల మీద ఆశతోనో దొంగిలించే పిల్లవాడు తెచ్చుకున్నది దాచుకుని తింటాడు. మీ మనవడు ఆ డబ్బుతో తోటిపిల్లల మంచితనాన్ని కొనుక్కుంటున్నాడు. ‘మీ అమ్మ వదిలేసింది’ అనే నోళ్లను మూయించడానికి వాడికి తెలిసినవి రెండే దారులు. అన్నవాళ్లను కొట్టడం ఒకటి, అననీయకుండా చాక్లెట్టు చేతిలో పెట్టడం మరొకటి. ఒక్క బాధే రెండు రకాలుగా బయటపడుతుంటే, పెద్దలకు అది దొంగతనం, రౌడీతనం అనే రెండు వేరువేరు తప్పులుగా కనిపిస్తోంది.

మీరు రాయని ఒక విషయం అడుగుతాను. తల్లి ప్రయాణమైన రోజు వాడికి చెప్పి వెళ్లిందా, లేక వాడు నిద్రలో ఉండగా బయలుదేరిందా? కడప, రాయచోటి, కోనసీమ వైపు నుంచీ, అటు జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచీ గల్ఫ్‌కు వెళ్లేవారి ఇళ్లలో, చూస్తే ఏడుస్తాడని పిల్లలు పడుకున్నాక ఇల్లు దాటడం నేను తరచుగా వింటాను. అది ప్రేమతో చేసేదే. కానీ తెల్లారి లేచేసరికి అమ్మ లేని బిడ్డకు, అమ్మ ఎడబాటుతో పాటు పెద్దల మాట మీద అపనమ్మకం కూడా మిగులుతుంది. మీ ఇంట్లోనూ అలాగే జరిగి ఉంటే, ఇప్పుడైనా తల్లి ఫోన్‌లో ఒక్కసారి ఆ మాట ఎత్తి, ‘ఆ రోజు నీకు చెప్పకుండా వచ్చాను, అది నేను చేసిన పొరపాటు, నువ్వు చేసిన తప్పు ఏమీ లేదు’ అని చెప్పాలి. ఇంత చిన్న మాటకు అంత బలం ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. ఉంటుందమ్మా.

పిల్లల్లో దిగులు పెద్దల్లో కనిపించినట్టు కనిపించదన్న సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. పెద్దవాళ్లు దిగులుపడితే మూలన కూర్చుంటారు, కంటతడి పెడతారు. పిల్లల్లో అదే దిగులు చిరాకుగా, కోపంగా, తగాదాలుగా, చదువు మీద ధ్యాస తగ్గడంగా బయటికి వస్తుంది. మానసిక వైద్యులు వ్యాధి నిర్ణయానికి వాడే ప్రమాణాల్లోనే, పిల్లల్లో విచారానికి బదులు చిరాకు ఉన్నా కుంగుబాటు లక్షణంగా లెక్కించమని ఉంది. అమ్మ ఫోన్ వచ్చిన రాత్రే అన్నం ముట్టడని మీరు రాశారు. ఆకలి చచ్చేది ఆ రాత్రే అయితే కారణం కూడా ఆ రాత్రిలోనే ఉంది.

ఇక చేయవలసినవి. బెల్టు ఆగాలి, అది ఈ రోజే ఆగాలి. దెబ్బలకు భయపడ్డ పిల్లవాడు దొంగతనం మానడు, అబద్ధం ఇంకా నేర్పుగా చెప్పడం నేర్చుకుంటాడు. వాడు ఒట్టు వేసి అబద్ధమాడడం దెబ్బల తరువాతే మొదలైందేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. డబ్బు పోయినట్టు మీకు ఖాయంగా తెలిసినప్పుడు ‘తీశావా లేదా’ అని అడగవద్దు. ఆ ప్రశ్న అబద్ధం చెప్పడానికి తలుపు తెరిచినట్టే అవుతుంది. ‘నా తిత్తిలో నుంచి ఇరవై రూపాయలు తీశావని నాకు తెలుసు, అది తిరిగి ఇవ్వాలి’ అని మామూలు గొంతుతో చెప్పి, వాడు చేయగల చిన్న పనితో, అంటే బిందె నింపడమో మేకలకు మేత వేయడమో చేయించి, ఆ బాకీ తీరిందని మీరే ప్రకటించండి. తీరిన బాకీని చుట్టాల ముందు మళ్లీ ఎత్తవద్దు. వారానికి ఒక రోజు నిర్ణయించి, పదో ఇరవయ్యో వాడి చేతికే ఇచ్చి, దేనికి ఖర్చు పెట్టుకున్నా అడగనని చెప్పండి. అదే సమయంలో మీ తిత్తి వాడి చేతికి అందని చోట ఉంచండి. అనుమానంతో అలా చేస్తున్నారని వాడు బాధపడడు. చేతికి అందేలా పెట్టి, తీశాక పట్టుకుని నిలదీయడమే పిల్లవాడికి అసలు బాధ.

ఫోన్ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో మందు అక్కడే ఉందని నా నమ్మకం. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ రాత్రి ఎనిమిదికి పని తీరి ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర అవుతుంది. నిద్రకళ్లతో ఉన్న పిల్లవాడిని లేపి మాట్లాడించి, ఏడుపు గొంతులోనే ఉండగా మళ్లీ పడుకోబెడతారు. ఆమెకు వీలయ్యే రోజు చూసుకుని, అక్కడ మధ్యాహ్నం మూడున్నరకు చేస్తే ఇక్కడ సాయంత్రం ఆరు అవుతుంది. వారానికి ఒక్కసారే అయినా అదే రోజు, అదే వేళకు రావాలి. ఎప్పుడు వస్తుందో తెలియని ఫోన్ కోసం రోజూ ఎదురుచూడడం కంటే, తప్పకుండా వచ్చే ఒక్క ఫోన్ పిల్లవాడిని నిలబెడుతుంది.

ఆ ఫోన్‌లో ఏం మాట్లాడతారన్నది ఇంకా ముఖ్యం. ‘బాగా చదువుకో, అవ్వను సతాయించొద్దు, దొంగతనం చేస్తున్నావంట గదా’ అన్న మూడు మాటలతో ఫోన్ ముగిస్తే, వాడికి అమ్మ గొంతు కూడా పోలీసు గొంతులాగే వినిపిస్తుంది. ఫిర్యాదులు మీరు మీ కూతురితో వేరుగా చెప్పుకోండి. వాడితో మాత్రం బడిలో ఎవరి పక్కన కూర్చున్నాడు, ఈత నేర్చుకున్నాడా, కుక్కపిల్ల ఎంత పెద్దదయింది వంటి చిన్న సంగతులే ఆమె అడగాలి. తాను ఆ రోజు ఏం వండిందో, ఏం చూసిందో చెప్పాలి. ‘వచ్చే పండక్కి వస్తా’ అని ఖాయం కాని మాట ఇవ్వకూడదు. సెలవు తేదీ తెలిసినప్పుడు క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీసి, రోజుకొకటి వాడి చేతనే కొట్టివేయించండి.

ఫోన్ పెట్టేశాక అన్నం ముట్టకపోతే బలవంతం చేయకుండా, తిట్టకుండా, పక్కన కూర్చోండి. ‘అమ్మ గుర్తొస్తోందా? నాకూ గుర్తొస్తోంది’ అనండి. అది అబద్ధం కాదు కదా. మీ బిడ్డ కూడా మీకు దూరంగానే ఉంది. అరగంట తరువాత ఇద్దరూ ఒకే కంచంలో రెండు ముద్దలు తినండి.

బడికి వెళ్లి టీచరుతో మాట్లాడి, ఎగతాళి చేస్తున్న పిల్లల్ని ఆపమని అడగండి. నల్లబల్ల తుడవడమో, పుస్తకాలు పంచడమో వాడికి ఒక బాధ్యత అప్పగించమనండి. చాక్లెట్లు లేకుండానే పిల్లల్లో వాడికి ఒక స్థానం దొరకాలి.

రెండు నెలలు ఇలా చేసినా దొంగతనాలు పెరుగుతున్నా, ఇల్లు విడిచి పారిపోతున్నా, జంతువులను హింసిస్తున్నా, నిప్పు పెట్టడం వంటివి చేస్తున్నా జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి. ‘నేను చచ్చిపోతే బాగుండు’ అన్న మాట ఒక్కసారి వచ్చినా రెండు నెలలు ఆగవద్దు, అదే రోజు వెళ్లండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా పాపకు ఏడున్నరేళ్లు. మూడున్నర ఏళ్లకే పక్క తడపడం మానేసింది. బాబు పుట్టిన రెండు నెలలకు మళ్లీ మొదలైంది, నాలుగు నెలలుగా వారంలో నాలుగైదు రాత్రులు తడుపుతోంది. తమ్ముడి మీద అసూయతో కావాలనే చేస్తోందని మా అత్తగారు దుప్పటి దాని చేతనే ఉతికిస్తున్నారు. దానంతట అదే తగ్గుతుందా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: నిద్రలో జరిగే పనిని ఎవరూ కావాలని చేయలేరు. మీ అత్తగారికి ఈ ఒక్క వాక్యం చదివి వినిపించండి.

అయిదేళ్లు దాటాక కూడా పక్క తడపడం ఆగని పిల్లలు వేరు, కనీసం ఆరు నెలలు పూర్తిగా ఆగి మళ్లీ మొదలైన పిల్లలు వేరు. మొదటి రకం ఎక్కువగా వంశంలో వస్తుంది, తండ్రికో తల్లికో చిన్నప్పుడు ఉండే ఉంటుంది, ఏటా కొంతమందికి దానంతట అదే తగ్గిపోతుంది. మీ పాపది రెండో రకం కాబట్టి కారణం వెతకాలి. ముందు శరీరంలోనే వెతకాలి. తమ్ముడు పుట్టాడన్న కారణం కళ్లెదురుగా ఉంది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయవద్దు. మూత్ర పరీక్షతో ఇన్ఫెక్షను, చక్కెర ఉన్నాయేమో తెలుస్తుంది. పాప ఈ మధ్య మాటిమాటికీ నీళ్లు తాగుతూ, ఎక్కువసార్లు మూత్రానికి వెళుతూ, బరువు తగ్గుతూ ఉంటే మాత్రం రేపటిదాకా ఆగకండి. పిల్లల్లో మధుమేహం ఇలాగే బయటపడుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

మలబద్ధకం గురించి కూడా అడగండి. నిండిన మలాశయం మూత్రాశయాన్ని నొక్కుతుంది. ఇక్కడ ఆడపిల్లల తల్లులందరికీ ఒక మాట. బడిలో మరుగుదొడ్డి శుభ్రంగా లేకనో, గడియ విరిగిపోయో, చాలామంది ఆడపిల్లలు ఉదయం ఇంటి దగ్గర వెళ్లినవాళ్లు మళ్లీ సాయంత్రం ఇంటికి వచ్చేదాకా బిగపట్టుకుంటారు, వెళ్లవలసి వస్తుందని పగలంతా నీళ్లు కూడా తాగరు. సాయంత్రం వచ్చాక దాహం తీరా తాగుతారు. రాత్రి తడవడానికి ఇదొక్కటి చాలు. పాపను బెదిరించకుండా, బడిలో ఎన్నిసార్లు వెళుతున్నావని అడిగి చూడండి. అదే కారణమైతే బడివాళ్లను గట్టిగా అడగవలసింది మీరే.

శరీరంలో ఏ లోపమూ లేదని తేలాక మనసు సంగతి చూద్దాం. ఏడేళ్లపాటు ఒక్కతే బిడ్డగా పెరిగిన పిల్లకు తమ్ముడి రాక సంతోషమే, నష్టం కూడా. ‘నువ్వు పెద్దదానివి’ అన్న మాట ఈ కొన్ని నెలలు ఇంట్లో వినిపించకుండా చూడండి. బాబు పడుకున్న వేళ రోజుకు పావుగంట, జడ వేస్తూనో కథ చెబుతూనో, పూర్తిగా పాపతోనే ఉండండి. దుప్పటి ఉతికించడం మానేయండి. తడిసిన పక్క తీసి బుట్టలో వేయడం వరకు ఆమె మీకు సాయపడవచ్చు, అది శిక్షలా ఉండకూడదు. సాయంత్రం టీ, కూల్‌డ్రింకులు ఆపండి, పడుకునే ముందు ఒకసారి మూత్రానికి పంపండి. ఇంతకీ తగ్గకపోతే తడి తగలగానే మోగే అలారం పరికరం, కొన్ని సందర్భాల్లో మందులు ఉన్నాయి. డాక్టరు సలహాతోనే వాడాలి.

ఇంకొక్క విషయం, రాయడం కష్టంగా ఉన్నా రాయక తప్పదు. ఎవరైనా మనిషిని చూసి పాప కొత్తగా భయపడుతున్నా, ఒక ఇంటికో ట్యూషనుకో వెళ్లనని మొరాయిస్తున్నా, స్నానం చేయించేటప్పుడు ముట్టుకోనివ్వకపోయినా ఒంటరిగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి, చెప్పింది నమ్మండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

ప్రశ్న: ఇరవై నెలల మా బాబు అడిగింది ఇవ్వకపోతే గుక్కపట్టి ఏడుస్తాడు, ఊపిరి ఆగిపోయి పెదవులు నీలంగా మారతాయి, ఒళ్లు మెత్తబడి కొద్ది క్షణాలు స్పృహ తప్పుతుంది. ఫిట్స్ అంటున్నారు. చేతిలో తాళాలు పెడుతున్నాం, ఉల్లిపాయ వాసన చూపిస్తున్నాం. భయంతో వాడు ఏది అడిగినా ఇచ్చేస్తున్నాం.
– ఒక దంపతులు, ఖమ్మం

జవాబు: మీరు రాసిన తీరును బట్టి ఇది గుక్కపట్టడం. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో కనిపిస్తుంది, ఎదిగేకొద్దీ పోతుంది, మెదడుకు హాని చేయదు. ఫిట్స్ ఏ ఏడుపూ కోపమూ లేకుండానే, నిద్రలో కూడా రావచ్చు. గుక్కపట్టడానికి ముందు ఏడుపో దెబ్బో భయమో తప్పకుండా ఉంటుంది. అయినా మొదటిసారి పిల్లల డాక్టరుకు చూపించడం తప్పనిసరి. వచ్చినప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే డాక్టరుకు సగం పని తేలికవుతుంది. ఏడుపు లేకుండా పరుగెత్తుతూ పడిపోయినా, నీలంగా కాకుండా తెల్లగా పాలిపోయినా గుండె పరీక్ష కూడా అడగండి.

ముఖ్యంగా రక్తంలో హిమోగ్లోబిన్ చూపించండి. ఇనుము లోపానికీ గుక్కపట్టడానికీ సంబంధం ఉందని తెలిసిన విషయమే. లోపం ఉన్న పిల్లలకు ఐరన్ సిరప్ ఇస్తే గుక్కపట్టడం బాగా తగ్గుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. పాలతోనే కడుపు నిండే ఈ వయసు పిల్లల్లో అది మరీ సులువుగా వస్తుంది. మీ బాబు గోడ సున్నమో మట్టో బలపమో తింటున్నాడేమో కూడా గమనించండి. అదీ ఇనుము లోపానికి గుర్తు కావచ్చు.

గుక్కపట్టినప్పుడు పక్కకు తిప్పి నేల మీద పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయవద్దు, వేలు పెట్టవద్దు, కుదపవద్దు. తాళాలు, ఉల్లిపాయలు అక్కరలేదు. ఒక నిమిషంలోపే ఊపిరి అందుతుంది. అంతకు మించితే ఆసుపత్రికి బయలుదేరండి. ఇక అడిగింది ఇవ్వడం సంగతి: కత్తి అడిగితే ఇవ్వం కదా. ఇవ్వకూడని వస్తువును గుక్కపట్టకముందూ ఇవ్వవద్దు, పట్టి తేరుకున్నాకా ఇవ్వవద్దు. ఎత్తుకుని ఓదార్చండి, ధ్యాస మళ్లించండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిని. మూడో తరగతిలో ఒక అబ్బాయి రెండు నిమిషాలు కూర్చోడు, పక్కవాళ్ల పెన్సిళ్లు లాగుతాడు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరుస్తాడు. నోటి లెక్కలు చురుగ్గా చెబుతాడు, రాయమంటే అరపేజీ కూడా రాయడు. నా సహోపాధ్యాయులు నాలుగు తగిలించమంటున్నారు. వాడికి జబ్బు ఉందా, అల్లరా?
– ఒక ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: నాలుగు తగిలించకుండా ఉత్తరం రాసినందుకు మీకు నమస్కారం. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కింద నిషేధమన్న సంగతి మీ సహోపాధ్యాయులకు గుర్తుచేయండి.

మీరు చెప్పిన గుర్తులు ఏడీహెచ్‌డీ అనే అవధాన లోపంలో ఉంటాయి. కానీ ఆ పేరు పెట్టాలంటే అవి కనీసం ఆరు నెలలుగా ఉండాలి, పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, బడిలోనే కాక ఇల్లు, ఆటస్థలం వంటి మరో చోట కూడా కనిపించాలి. కాబట్టి తల్లిదండ్రులను పిలిపించి, ఫిర్యాదు చేయకుండా, ఇంట్లో వాడు అన్నం తినేంతసేపు కూర్చుంటాడా, ఎన్ని గంటలు నిద్రపోతాడు, నోరు తెరిచి గురక పెడతాడా అని అడగండి. రాత్రి నిద్ర చాలని పిల్లవాడు పెద్దవాళ్లలా తూగడు, ఇంకా ఎక్కువ గెంతుతాడు. చెవి సరిగా వినిపించని, కళ్లు సరిగా కనిపించని పిల్లలు కూడా పాఠం మీద ధ్యాస పెట్టలేరు.

నోటికి చురుకు, చేతికి బరువు అన్నారే, ఆ తేడా నాకు మరో అనుమానం కలిగిస్తోంది. వాడి నోటుబుక్కు తెరిచి చూడండి. మొదటి మూడు వరుసలు గీత మీద ఉండి, నాలుగో వరుస నుంచి అక్షరాలు కిందికి జారుతున్నాయా? ‘ప’కూ ‘వ’కూ, ‘మ’కూ ‘య’కూ, ‘థ’కూ ‘ధ’కూ ఇంకా తేడా దొరకడం లేదా? గుణింతాలు వరుసగా అప్పజెప్పగలిగి, మాట మధ్యలో వస్తే మాత్రం గుర్తుపట్టలేకపోతున్నాడా? వత్తు ఎప్పుడూ తప్పు అక్షరం కిందే పడుతోందా? అయితే అది అభ్యసన వైకల్యం కావచ్చు. చదవలేని పిల్లవాడికి తరగతిలో కూర్చోవడం, భాష తెలియని ఊరిలో రోజంతా సభలో కూర్చోవడం లాంటిది. లేచి తిరగక ఏం చేస్తాడు? ఏడీహెచ్‌డీ, అభ్యసన వైకల్యం రెండూ ఒకే పిల్లవాడిలో ఉండడం కూడా తరచుగా కనిపిస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం కూడా ఉంది కాబట్టి, నిర్ధారణ అయితే పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగవచ్చు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మీ బడికి వచ్చే వైద్య బృందానికి ఈ అబ్బాయిని ప్రత్యేకంగా చూపించి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాయించండి. ఈలోగా వాడిని ముందు వరుసలో, కిటికీకీ తలుపుకూ దూరంగా కూర్చోబెట్టండి. ఒకసారికి ఒక్క పనే చెప్పండి. పది లెక్కలకు బదులు మూడు ఇచ్చి, చేశాక లేచి మీ బల్ల దగ్గరికి వచ్చి చూపించమనండి. వాడికి కావలసిన కదలిక మీరు ఇచ్చిన అనుమతితోనే తీరుతుంది. బాగా చేసినప్పుడు వెంటనే, అందరి ముందు చెప్పండి. తప్పు చేసినప్పుడు దగ్గరికి వెళ్లి, మెల్లగా చెప్పండి. ఏడీహెచ్‌డీయే అని వైద్యులు తేల్చి మందు రాస్తే తల్లిదండ్రులను భయపెట్టవద్దు. ఈ వయసులో వైద్యుల పర్యవేక్షణలో వాడే మందులు చాలామందికి బాగా పనిచేస్తాయి.

ప్రశ్న: మా పాప యూకేజీ. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బడిలో ఎనిమిది నెలలుగా ఒక్క మాట లేదు, బాత్రూముకు వెళ్లాలన్నా అడగదు. పొగరు అని టీచరు అంటున్నారు. అక్కడ ఇంగ్లిషులోనే మాట్లాడాలన్న నియమం ఉంది.
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ఇది భయం. మాట గొంతులోకి వచ్చి ఆగిపోతుంది, పాప ఎంత కోరుకున్నా బయటికి రాదు. దీన్ని ఎంపిక మౌనం అంటారు, సాధారణంగా అయిదేళ్ల లోపే మొదలవుతుంది. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు మౌనంగా ఉండడం మామూలే, దానికి ఈ పేరు పెట్టకూడదు. అందుకే ముందు తెలుసుకోవలసింది ఒకటి: పక్కన కూర్చున్న పిల్లతో చెవిలో అయినా తెలుగులో మాట్లాడుతోందా? మాట్లాడుతుంటే చిక్కు చాలావరకు ఆ నియమంలో ఉంది. తెలుగులో కూడా నోరు విప్పకపోతే పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. ఎనిమిది నెలలు ఆగడమే ఎక్కువ.

‘ఒక్క మాట చెబితే చాక్లెట్ ఇస్తా’ అని బతిమాలడం, అందరి ముందు లేపి నిలబెట్టడం రెండూ భయాన్ని పెంచుతాయి. ప్రస్తుతానికి తల ఊపడం, వేలితో చూపడం చాలునని టీచరును ఒప్పించండి. బాత్రూముకు వెళ్లడానికి చూపించే ఒక బొమ్మ కార్డు పాప చేతికి ఇప్పించండి, అది రేపే జరగాలి. తరువాత, బడి విడిచాక ఖాళీ తరగతి గదిలో మీరిద్దరే పదిహేను నిమిషాలు ఆడుకోండి. పాప అక్కడ మీతో మామూలు గొంతుతో మాట్లాడడం మొదలుపెట్టాక, టీచరు గది అవతలి మూల తన పని తాను చేసుకుంటూ ఉండాలి, పాప వైపు చూడకూడదు. కొన్ని రోజులకు కొంచెం దగ్గరగా, మరికొన్ని రోజులకు ఆటలో మూడో మనిషిగా చేరాలి. తెలుగులోనే. పాప మొదటిసారి టీచరుకు వినిపించేలా ఏదైనా అన్న రోజున ఎవరూ చప్పట్లు కొట్టకుండా, ‘అబ్బ, మాట్లాడావే’ అనకుండా, ఆ మాటకు మామూలుగా బదులు చెప్పి ఆట కొనసాగించమని టీచరుకు ముందే చెప్పి ఉంచండి.